రెండు చుట్టల పికప్

పొద్దున్నే గిటారు మాస్టారి భార్య స్టవ్ కట్టేసింది. రెండడుగులు వేసి వెనక్కొచ్చి నాబ్ తిప్పి చూసింది. కట్టేసే ఉంది. హాల్లోకి వెళ్ళి మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చేసరికి ఆవిడ ఒంట్లోంచి సన్నగా, గుయ్యిమంటూ రొద మొదలైంది. హాల్లో టీ తాగుతున్న మాస్టారు తలెత్తకుండానే, "కట్టేశావే, నేను చూశాను," అన్నారు. రొద కాస్త తగ్గింది. ఆ ఇంట్లో తెల్లవారడమంటే ఇదే.

ఆవిడకి భయమేస్తే ఒళ్ళు రొద పెడుతుంది. పుట్టినప్పటినుంచీ అంతే. కొందరికి చెమటలు పడతాయి, కొందరికి నోరెండిపోతుంది, ఈవిడకి రొద. ఆ వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా ఉంది గానీ ఇంత ధారాళంగా ఎవరికీ లేదు. పక్కన నిలబడితే పాత ఫ్రిజ్ పక్కన నిలబడ్డట్టుంటుంది. బల్లంటే భయం, లిఫ్టంటే భయం, ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. ఒంటరిగా రోడ్డు దాటి పదకొండేళ్ళయింది. కూరగాయలతను తూకం వేస్తూ, "ఏంటమ్మా, ఇవాళ పాపకి ఎత్తు పనా?" అని రొదని బట్టే అడుగుతాడు.

అన్ని భయాల్లోకీ పెద్దది ఆ పాపే. పాపంటే పాతికేళ్ళ పిల్ల. సెల్ టవర్లెక్కి, పైన పాడైన పెట్టెలు విప్పి బాగుచేసే పని. వీధిలో అందరూ సివంగి అంటారు. ఆ పేరు పెట్టింది మాస్టారే. నాలుగేళ్ళప్పుడు ఇంజెక్షనుకి కిక్కురుమనకుండా చెయ్యి చాచిందట. పక్కన నిలబడ్డ తల్లి రొదకి మాత్రం ట్రేలో సూదులు గలగలలాడాయట. "భయమంతా తల్లే వాడేసుకుంది, పిల్లకి మిగల్లేదు," అని మాస్టారు ఆ రోజు వేసిన జోకు ఇరవై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ వేస్తూనే ఉన్నారు. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు కంపెనీ డాక్టరు సివంగి వీపుకి చెవి ఆనించి విన్నాడు. రొద లేదు. అక్కడికక్కడే తీసుకున్నారు. కంపెనీ వ్యాను తలుపు మీద పెద్దక్షరాలతో రాసే ఉంటుంది: బెల్టు లేనివారు, రొద ఉన్నవారు పైకి ఎక్కరాదు.

మాస్టారు ఇంట్లోనే గిటారు వాయించి రికార్డు చేసి, రేడియోలో పిల్లల నాటకాలకి పంపిస్తారు. ఈమధ్య పంపిన పాట మూడోసారి కూడా వెనక్కొచ్చింది. "వెనకాల ఏదో రొదగా ఉందండీ, ఇంకోసారి చూడండి," అని రేడియోవాళ్ళు మర్యాదగానే రాశారు. ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద పికప్ అని చిన్న పెట్టె ఉంటుంది. అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు రాగి తీగ. పైన గిటారు తీగ కంపిస్తే అది పట్టుకుని స్పీకరుకి ఇస్తుంది. మాస్టారి గిటారులోది పాతది, అలాంటి తీగ చుట్ట ఒక్కటే ఉన్నది. తీగల చప్పుడుతో పాటు భార్య భయాన్ని కూడా నమ్మకంగా పట్టుకుంటుంది. ఆవిడ మేడ మీద ఉన్నా సరే.

"నా భయం మీ పాటలో పడుతోంది. అది మార్పించేయండి," అంది ఆవిడ. అని, ఆ మాట అన్నందుకు భయపడింది.

ఇద్దరూ కలిసి వైండింగ్ అత్త దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఎవరికీ అత్త కాదు, అందరికీ అత్తే. కాలిపోయిన ఫ్యాన్లకీ, నీళ్ళ మోటార్లకీ తీగ చుడుతుంది. చేతికి ఓపికున్న రోజున పికప్‌లూ చుడుతుంది. కొట్టంతా వార్నిష్ వాసన.

"ఏం అల్లుడూ, మా అమ్మాయిని మార్పించడం కుదరక పికప్ మారుస్తున్నావా?" అంది కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని.

మొదట ఒక్క చుట్టదే కొత్తది పెట్టి చూసింది. స్వరం తళతళలాడింది. రొద కూడా అంతే తళతళలాడింది. తర్వాత ఫ్యాక్టరీలో చేసిన రెండు చుట్టలది పెట్టింది. రొద పూర్తిగా పోయింది. మాస్టారు సంబరంగా నాలుగు స్వరాలు వాయించారు. భార్య తల అడ్డంగా ఊపింది.

"దుప్పటి కప్పుకుని పాడినట్టుందండీ. ఇది మీ చెయ్యి కాదు."

"మంచి చెవే," అంది అత్త. "రెండు చుట్టలంటే ఏం లేదమ్మాయ్, ఒకటి ఇటు చుడతాం, ఇంకోటి అటు. బయటి రొదని ఒకటి అవునంటే రెండోది కాదంటుంది. తీగ పాటని మాత్రం రెండూ అవుననే అంటాయి. కానీ ఈ ఫ్యాక్టరీది ఉంది చూశావూ, అన్ని రొదల్నీ నొక్కేస్తుంది, పనిలో పనిగా పాటని కూడా కాస్త నొక్కుతుంది. నేను నీ ఒక్కదాని రొదకే కొలిచి చుడతా. స్టూలు మీద కూర్చో. కూర్చుని భయపడు."

"దేనికి?"

"ఏదో ఒకదానికి. నీకు కొదవా?"

ఆవిడ పైకి చూసింది. "మీ ఫ్యాన్ ఊగుతోంది అత్తా," అంది. రొద మొదలైంది.

అత్త తల వెంట్రుకకన్నా సన్నని తీగ వేళ్ళ మధ్య పట్టుకుని రెండో చుట్ట చుడుతూ, మధ్యమధ్య స్పీకరుకి చెవి పెట్టి వింది. ఫ్యాను భయం ఒకలా ఉంది, బల్లి భయం ఇంకా సన్నగా ఉంది, స్టవ్ భయం మధ్యస్థంగా ఉంది. ఒక్కొక్కటీ స్పీకరులో ఆరిపోతూ వచ్చింది. "ఇక అసలుది తియ్యి," అంది అత్త.

"ఈ వేళకి అది టవరు మీద ఉంటుంది. బయట గాలి లేచింది."

బల్ల మీద డబ్బాలో మరమేకులు వణకడం మొదలుపెట్టాయి. అత్త హాస్యాలు మానేసింది. ఇంకో తొంభై చుట్లు చుట్టింది, ఒక్కొక్కటీ పట్టి పట్టి. కొట్లో రొద అలాగే ఉంది, స్పీకరులో మాత్రం లేదు. అప్పుడు తీగ తెంచింది.

"ఇంతెందుకమ్మాయ్?" అంది భుజం మీద చెయ్యేసి.

"నేను భయపడుతున్నాను కాబట్టే అది రోజూ దిగొస్తోందేమో అనిపిస్తుంది అత్తా. ఒక్కరోజు మానేస్తే ఏమవుతుందోనని భయం."

ఇంటికొచ్చాక మాస్టారు చాలాసేపు వాయించారు. స్వరం పాతదే, చెయ్యి తనదే, వెనకాల నిశ్శబ్దం. వంటింట్లో భార్య యథాప్రకారం రొద పెడుతోంది, స్పీకరుకి మాత్రం అది వినబడటం లేదు. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం సివంగి వచ్చింది. బెల్టు సంచీ తలుపు పక్కన పడేసి, "కొత్త పికప్పా నాన్నా? ఏదీ వాయించు," అంటూ ఎదురుగా కూర్చుంది.

స్పీకరులో రొద వచ్చింది. చాలా సన్నగా, దారం లాగినట్టు. మాస్టారు మొహం ముడుచుకుని తీగల మీద అరచెయ్యి వేశారు. మామూలు కరెంటు రొదైతే చెయ్యి పడగానే ఆగుతుంది. ఇది ఆగలేదు. గిటారు తిరగేసి టంకాలు చూశారు. వంటింటి వైపు చూశారు. గుమ్మంలో భార్య తడి చేతులతో నిలబడి ఉంది.

"నన్ను చూడకండి," అంది. "నాది ఇక్కడే ఉంది. అది నాది కాదు."

సివంగి స్నానానికి లేచింది. రొద ఆమెతో పాటు బాత్రూమ్ దాకా వెళ్ళి సన్నబడింది. తిరిగొచ్చింది, రొదా తిరిగొచ్చింది. ఇంతలో ఫోను మోగింది. "ఆ సార్. రేపు పెద్ద టవరేనా? సరే సార్, ఎక్కుతాను," అంది ఎప్పటిలాగే హుషారుగా. స్పీకరు గుడ్డ అదిరింది.

మాస్టారు కూతురి వైపు చూశారు. నాలుగేళ్ళప్పటి ఇంజెక్షన్లో కూడా ఇది ఉందా? మొదటిసారి సైకిలెక్కినప్పుడు, పరీక్ష ఫలితాలప్పుడు, ఆ డాక్టరు చెవి ఆనించినప్పుడు? చెవికి అందనంత సన్నని రొద, పైగా ఎప్పుడూ పక్కన తల్లి పెద్ద రొద. ఇరవై ఏళ్ళుగా దాని కింద ఇది ఉందన్నమాట. తను పక్కనే కూర్చుని జోకులు వేశాడన్నమాట. ఆయనకి సిగ్గేసింది, సిగ్గుకంటే ఎక్కువగా భయమేసింది.

లేచి బెల్టు సంచీ విప్పారు. టవరుకి తగిలించుకునే ఇనుప హుక్కు నాలుక మూసుకోవడం లేదు. దాన్ని ఇనుప తీగతో చుట్టి కట్టి ఉంది.

"ఏంటిది?"

"స్ప్రింగ్ పోయింది నాన్నా. రెండుసార్లు చెప్పాను. కొత్తవి వస్తున్నాయన్నారు. నువ్వైతే మేనేజ్ చేస్తావులే, నీకేం భయం అన్నారు."

"రేపు వెళ్ళకు."

"నేను వెళ్ళకపోతే కొత్తగా చేరిన పిల్లని ఎక్కిస్తారు. దానికి సరిగా పట్టుకోవడం కూడా రాదు."

"అయితే భయంగా ఉందని చెప్పు."

"నేనా?" సివంగి నవ్వింది. నవ్వుతుంటే స్పీకరులో రొద గది నిండా పెరిగింది. ఆమె దానివైపు చూడలేదు. "సివంగికి భయమంటే వీధి వీధంతా నవ్వుతుంది నాన్నా. ముందు నువ్వే నవ్వుతావు."

మాస్టారు స్పీకరు కట్టేశారు. ఆ పూట ముగ్గురూ ఒకరి కంచంలోకి ఒకరు చూసుకుంటూ తిన్నారు.

మర్నాడు ఏడింటికి వ్యాను వచ్చి హారన్ కొట్టింది. సివంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. తల్లి వంటింట్లోంచి వచ్చి, "ఏమండీ, స్పీకరు పెట్టండి. పూర్తిగా పెంచండి," అంది.

తొందర పెట్టడానికి సూపర్‌వైజరు గుమ్మం దాకా వచ్చాడు. చెడ్డవాడేం కాదు, ఎప్పుడూ ఆలస్యమైపోతోందని కంగారుపడే మనిషి. ఇంటి నిండా రొద విని నవ్వాడు.

"అమ్మగారు పొద్దున్నే మొదలుపెట్టేశారా? ఏం కాదమ్మా, మీ పిల్ల సివంగి."

ఆవిడ చెప్పులేసుకుంది. అతని పక్కనుంచి బయటికి నడిచింది. మెట్లు దిగింది. రోడ్డు అంచున ఆగింది. మాస్టారు కుర్చీలోంచి సగం లేచారు. పదకొండేళ్ళుగా ఆవిడ ఆ అంచు ఒంటరిగా దాటలేదు. బస్సు వెళ్ళింది, లారీ వెళ్ళింది, రెండు స్కూటర్లు వెళ్ళాయి. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచి, అడుగేసింది. ఎవరో బ్రేకు వేసి తిట్టారు. ఆవిడతో పాటే ఆవిడ రొద కూడా రోడ్డు దాటి, అవతల మూసి ఉన్న టైలరు కొట్టు ముందు ఆగింది.

గదిలోంచి ఆవిడ రొద పోయింది. స్పీకరులో రొద మాత్రం అలాగే ఉంది.

సూపర్‌వైజరు నవ్వు ఆపాడు. రోడ్డవతల ఉన్న ఆవిడని చూశాడు, స్పీకరు చూశాడు, గిటారు పట్టుకున్న మాస్టారిని చూశాడు. చివరికి సివంగిని చూశాడు. ఆమె ఒక బూటు తాడు చేత్తో పట్టుకుని అలాగే వంగి ఉంది.

"ఎవరిదిది?" అన్నాడు మెల్లగా.

మాస్టారు, "తప్పు నాదే, సివంగి అని పేరు పెట్టింది నేనే," అనబోయారు. ఈలోగా సివంగే అందుకుంది.

"నాదే సార్," అంది సివంగి. తలెత్తకుండానే అంది. "నాకు భయంగా ఉంది. ఆ హుక్కు మూసుకోదు. ప్రతిసారీ భయంగానే ఉంటుంది. మొదటి రోజునుంచీ."

ఆ మాటతో రొద స్పీకరు అవసరం లేకుండా ఆమె ఒంట్లోంచే బయటికొచ్చింది. తల్లిదానికంటే ఒక మెట్టు పైన, స్పష్టంగా. మాస్టారు స్పీకరు కట్టేశారు. అయినా గుమ్మందాకా వినిపిస్తూనే ఉంది. రొద ఉన్న మనిషిని పైకి పంపడం జ్వరమున్న మనిషిని వానలో నిలబెట్టడంలాంటిదని అందరికీ తెలుసు, వ్యాను తలుపు మీద రాసి ఉండక్కర్లేదు.

సూపర్‌వైజరు బెల్టు తీసుకుని బయటికెళ్ళాడు. వ్యాను పైనున్న నిచ్చెన కడ్డీకి హుక్కు తగిలించి, బెల్టు రెండు చేతులా పట్టుకుని కాళ్ళెత్తాడు. నేలకి జానెడు ఎత్తులో ఒక్క క్షణం వేలాడాడు. ఇనుప తీగ టప్పున తెగింది, హుక్కు నోరు తెరుచుకుంది, అతను రోడ్డు మీద కూలబడ్డాడు. వ్యానులో కూర్చున్న కొత్త పిల్ల నవ్వలేదు. డ్రైవరూ నవ్వలేదు. అతను దుమ్ము కూడా దులుపుకోకుండా కూర్చుని ఆ హుక్కునే చూస్తూ, ఫోను తీసి, "ఇవాళ ఎవ్వరూ ఎక్కడం లేదు. కొత్తవి వచ్చేదాకా ఎక్కరు," అని చెప్పాడు.

రోడ్డవతల తల్లి ఇంకా అక్కడే ఉంది. వెళ్ళడమైతే వెళ్ళింది గానీ తిరిగి రావడం ఆవిడ వల్ల కావడం లేదు. సివంగి ఒక్క బూటుతోనే పరిగెత్తుకెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇద్దరి రొదలూ కలిసి టైలరు కొట్టు షట్టరు అదిరింది.

"అమ్మా, నాకు భయమేస్తోంది. గట్టిగా పట్టుకో."

"వెయ్యదా మరి?" అంది తల్లి. "రోడ్డు కదే."

ఇద్దరూ అటు చూశారు, ఇటు చూశారు, మళ్ళీ అటు చూశారు. ఎక్కడో మలుపు దగ్గరున్న బస్సు వచ్చి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు దాటారు.