బతికుండగా విన్న పాట

బళ్ళారి కంటోన్మెంట్‌లోని మా తెలుగు చర్చి సంఘంలో ఎవరు పోయినా వరప్రసాదం మామే పాట కడతాడు. సమాధిలో మట్టి వేసే ముందు నిలబడి పాడతాడు. చివరి చరణంలో పోయినవాళ్ళ పేరు వస్తుంది. అప్పటిదాకా బిగబట్టుకున్నవాళ్ళు కూడా ఆ పేరు వినగానే గొల్లుమంటారు. నాకు మాత్రం ఆ మనిషంటే ఎప్పుడూ ఒళ్ళుమంటే. బతికున్నన్నాళ్ళూ పలకరించనివాణ్ణి పెట్టెలో పెట్టాక పొగడడం ఏమిటని నా కోపం.

మా ఆయన జాబెజ్‌కు ఆ పాటలంటే ప్రాణం. దోణిమలై ఇనుపగనుల దారిలో ఒక కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ నడిపేవాడు, నడుపుతూ అవే పాడుకునేవాడు. నేనూ ఆ కొండల కిందే ఎర్ర రాయి జల్లెడ పట్టాను. ఇద్దరం ఒకే దుమ్ము తిన్నాం. ముందు ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆక్సిజన్ మిషన్ పెట్టుకుని ఇంట్లోనే ఉండమన్నాడు డాక్టరు. నయమవుతుందా అని అడిగితే, నా మొహం చూడకుండా తర్వాతి పేషెంటును పిలిచాడు.

ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే జాబెజ్ నా చెయ్యి ఆపాడు.

"కుమారీ, నా పాట ఇనాలని ఉండాది."

"ఏం పాట?"

"నేను పోయినంక మామ కడతాడు గదా, అది."

గిన్నె నేలకేసి కొట్టాలనిపించింది. "ఇంగో మాట మాట్లాడితే చూడు" అన్నాను. ఆయన మాటా మానేశాడు, జావా మానేశాడు. మర్నాడూ అంతే. ఊపిరి తగ్గింది గాని మొండితనం తగ్గలేదు.

చివరికి నేనే మామ ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని హార్మోనియం తుడుచుకుంటున్నాడు. సంగతి చెప్పగానే గుడ్డ పక్కన పడేశాడు.

"బేడమ్మా, వద్దు. బతికుండే మనిషి పేరు ఆ పాటలో పెట్టగూడదు. మా నాయన కాలం నుంచీ లేదు. పెడితే తొందరగా పోతారంట."

"ఇంగేం తొందర మామా? మంచం దిగి బాత్రూం దాకా పోలేకుండాడు. సచ్చినోళ్ళకి చెవులుండవు. ఇన్నేండ్లూ మా చెవుల కోసం పాడినావు, మేము ఏడ్చనీకి. ఈసారన్నా ఎవురి పాటో వానికే వినపడేట్ల పాడు."

మామ పడేసిన గుడ్డ మళ్ళీ తీసుకున్నాడు. రానని మాత్రం అనలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక హార్మోనియం మోసుకుంటూ వచ్చాడు. మంచం పక్కన మిషన్ గుర్రుమంటోంది. "శ్రుతి అదే ఇస్తాది మామా, నువ్వు పాడు" అన్నాడు జాబెజ్. పరలోకం, బంగారు వీధులు వస్తాయనుకున్నాను. అవేవీ రాలేదు.

"ఎంత ఉతికినా చొక్కాకి ఎరుపు పోలేదు
ఉతికే చేతికి విసుగు రాలేదు" అని మొదలైంది. టిప్పర్ వచ్చింది, కొండ మలుపు వచ్చింది. ఆఖరున ఇది:

"తలుపు తియ్యి నాయనా, ఊపిరాడక వచ్చినాడు
జాబెజు నీ బిడ్డ."

నేను భయంగా ఆయన మొహం చూశాను. ఆయన మాత్రం నవ్వాడు. మా పెళ్ళి ఫోటోలో కూడా అంత నవ్వు లేదు. ఆ పూట జావంతా తాగాడు.

ఇక రోజూ అదే పాట. ఊపిరి అందక కళ్ళు తేలేసినప్పుడల్లా పాడమని నాకు సైగ చేసేవాడు. నా గొంతు దేవుడు కూడా భరించలేడు, పైగా మధ్యలో దగ్గు. అయినా పాడేదాన్ని. పాడితే ఆయన భయం తగ్గేది, నా చెయ్యి పట్టుకున్న పట్టు వదులయ్యేది. రోగం మాత్రం ఒక్క పూట కూడా వెనక్కి తగ్గలేదు. నేను దగ్గినప్పుడు కళ్ళు తెరిచి నన్నే చూసేవాడు. జలుబని చెప్పేదాన్ని. నేను మందులకు పెద్దాసుపత్రికి పోయినప్పుడు మామ వచ్చి ఆయన దగ్గర కూర్చునేవాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

వానలు పడ్డాక ఆయన పోయాడు.

సమాధి దగ్గర అందరూ గుప్పిళ్ళలో మట్టి పట్టుకుని మామ వైపు చూశారు. రోజూ పాడిన పాటే గదా, తట్టుకుంటానులే అనుకున్నాను. చొక్కా వచ్చింది, టిప్పర్ వచ్చింది. చివరి చరణానికి మామ నా వైపు తిరిగాడు.

"తలుపు మూయకు నాయనా, వెనకనే వస్తాది
జ్ఞానకుమారి నీ బిడ్డ."

గుసగుసలు లేచాయి. బతికున్న మనిషి పేరు ఇక్కడ పాడతావా అని సంఘపెద్ద ఒకాయన మామను కసిరాడు.

"జాబెజే మార్పిచ్చినాడప్పా" అన్నాడు మామ. అక్కడే నాతో చెప్పాడు. "నీ దగ్గు వాడు పోల్చుకున్నాడమ్మా. మామా, నీకూ వయసైపాయ, కుమారికి పాట కట్టేదానికి ఉంటావో లేదో అన్నాడు. నా పేరు నేను ఇన్నా, సాలు, ఆ చోటు కుమారికి ఇయ్యి అన్నాడు. సచ్చినోళ్ళకి చెవులుండవని నువ్వే అంటివి గదా."

జాబెజ్‌ను తిట్టాలనిపించింది. ఆయన కాళ్ళ మీద పడాలనీ అనిపించింది. ఏడుద్దామని నోరు తెరిస్తే దగ్గొచ్చింది. ఆగలేదు. ఎవరో నా వీపు నిమిరారు. అది తగ్గేదాకా మట్టి వేయకుండా, గుప్పిళ్ళు బిగించుకుని అందరూ నిలబడే ఉన్నారు.