నడకల చదువు

అర్జునరావు మాస్టారు ఫుట్‌బాలును రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని సైకిలు పంపుతో గాలి కొడుతూ, మధ్యమధ్యలో తలెత్తి సందు మొగవైపు చూస్తున్నాడు. ఆయన ధ్యాస బాలు మీద లేదు. అది రాయిలా బిగుసుకుపోయినా ఇంకా కొడుతూనే ఉన్నాడు.

“అది పేలిపోద్ది! ఇంటర్యూకి ఎల్లీ మనిసి, ఆ పంపు అవతల పారేసి తానం సెయ్యండి,” అంది లోపల్నుంచి వెంకటరమణమ్మ.

“నూకాలప్ప రాలేదే.”

“పడవలు లేటయ్యుంటాయి. సేపలమ్మి రాకపోతే మీ ఇంటర్యూ ఆగిపోద్దేటి?”

ఆగిపోదు. అయినా ఆయన మళ్ళీ సందువైపే చూశాడు. పని మీద బయల్దేరేటప్పుడు చేపల గంప ఎదురైతే ఆ పని అయితీరుతుందని ఆ వైపు జనం అంటారు. మాస్టారికి ఇలాంటివాటి మీద పెద్ద గురి లేదు, అలాగని బొత్తిగా లేకపోనూ లేదు. నిన్న నూకాలే చెప్పింది, “రేపు నిండు గంపతో ఎదురొత్తాను బావూ, నీకు సీటు రాకపోతే అప్పుడడుగు,” అని. అందుకని ఆయన తెల్లారినప్పట్నుంచీ ఎదురు చూస్తున్నాడు.

ఆయన వెళ్ళబోయేది ఉద్యోగానికి కాదు, చదువుకి. నెత్తిన జుట్టు పల్చబడి, కూతురు కాలేజీకి వెళ్ళే వయసులో, యూనివర్సిటీలో డాక్టరేటుకి దరఖాస్తు పెట్టాడు. దాని పేరు కినీషియాలజీ. మనిషి ఒళ్ళు ఎలా కదులుతుంది, ఎముక ఎటు తిరిగితే కండ ఎటు లాగుతుంది, ఇదీ ఆ శాస్త్రం. వెంకటరమణమ్మ దానికి ‘నడకల సదువు’ అని పేరు పెట్టింది. స్కూల్లో స్టాఫ్‌రూమంతా ఆ కబురు విని కడుపుబ్బ నవ్వుకుంది. “డ్రిల్ మాస్టారు డాక్టరవుతున్నారటండోయ్, ఇహ జలుబు చేస్తే బయటికి పోనక్కర్లేదు,” అన్నారు హెడ్మాస్టరు అచ్యుతరామయ్య గారు. ఆయనది గోదావరి వైపు, వెటకారం పుట్టుకతో వచ్చింది. అందరితోపాటు అర్జునరావూ నవ్వాడు. నవ్వడం ఆయనకి అలవాటే.

పద్మనాభం ఊరి దగ్గర పల్లెలో వరి పండించే ఇంట్లో పుట్టాడాయన. చిన్నప్పుడు గట్ల మీద పరిగెత్తి పరిగెత్తి, జిల్లా పోటీల దాకా పరిగెత్తాడు. పెద్ద పోటీలకి ఎంపికైన ఏడాదే మోకాలు మడతపడింది. ఆ కాలు బాగుపడేసరికి వేరే కుర్రాళ్ళు వచ్చేశారు. వన్ టౌన్‌లో హోల్‌సేలు కొట్ల వెనక ఉన్న ఆ స్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేరి, ఆనాటి నుంచీ అటెన్షన్, స్టాండెటీజ్ అంటూ గొంతు అరగదీసుకున్నాడు. ఆయన పీరియడు సాధారణంగా లెక్కల మాస్టారిది. టీకాలు వేసేవాళ్ళొస్తే పిల్లల్ని వరసలో నిలబెట్టేది ఈయన, జెండా పండక్కి తాడు కట్టేది ఈయన, గేటు విరిగితే వడ్రంగిని పిలుచుకొచ్చేదీ ఈయనే. వేసవి సెలవులన్నీ ధారపోసి వ్యాయామ విద్యలో పెద్ద పరీక్ష ప్యాసైనా, స్కూల్లో ఎవరూ ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. ఆయనకి సీటు కన్నా ముందు అదే కావాలి. కూర్చోబెట్టి ఎవరైనా తనని అడగాలి, తను చెప్పాలి.

చెప్పడానికి ఆయన దగ్గర ఉన్నది నూకాలు నడక. ఇన్నేళ్ళుగా రోజూ ఆవిడ మాస్టారింటి అరుగు మీదే గంప దించి, వెంకటరమణమ్మతో ఎంతోసేపు బేరమాడి, చివరికి, “ఓ సెయ్యెయ్యి బావూ,” అంటుంది. నిండు గంప ఒక్క మనిషి ఎత్తుకోలేదు. అడిగినవాళ్ళకి చెయ్యి వెయ్యనని ఎవరూ అనరు, అది అక్కడి రివాజు. మాస్టారు ఓ పక్క, ఆవిడ ఓ పక్క పట్టి లేపుతారు. బరువు ఆయన చేతుల్లోంచి ఆవిడ నెత్తి మీదికి మారే ఆ క్షణంలో ఆవిడ మెడ ఒక్కసారి చిన్నగా నిలకడ వెతుక్కుని నిలబడుతుంది. ఆ తరవాత తడబడ్డట్టు రెండడుగులు, ఆ పైన ఇంక చూసుకోనక్కర్లేదు. నడుము కింద అంతా ఊగుతుంది, పైన గంప మటుకు కదలదు. అరవై దాటిన ఆడమనిషి రాళ్ళు తేలిన సందులో అలా వెళ్ళిపోతుంటే, మాస్టారు పళ్ళు తోముకోవడం మానేసి చూస్తూ నిలబడిపోయేవాడు.

ఇంటర్వ్యూలో చూపించడానికి ఆ నడకని ఫొటోలు తీయించాలనుకున్నాడు. పోర్టులో పనిచేసే బావమరిది గవర్రాజు కెమెరా తెచ్చాడు, మొన్న ఆదివారం మాస్టారు నూకాల్ని రమ్మన్నాడు. ఆవిడ వచ్చింది. మోకాళ్ళ పైకి బిగించి కట్టే ఆ పాత కోక ఏదీ? కొడుకు గంగరాజు పెళ్ళికి పెట్టిన పట్టుకోక కుచ్చెళ్ళు పోసి కట్టుకుంది, మొహానికి పౌడరు కొట్టుకుంది, పుట్టి బుద్ధెరిగి చెప్పు తొడగని కాళ్ళకి కోడలి చెప్పులేసుకుంది. గంపని కడిగి, అంచు చుట్టూ పసుపు రాసి, ఖాళీగా నెత్తిన పెట్టుకొచ్చింది.

“ఇదేటప్పా?” అన్నాడు మాస్టారు.

“మరేటి, పటం తీత్తానంటే పాత కోకతో వత్తారేటి బావూ? నీకు నామర్దా గాదూ?”

నడవమంటే నడవలేదు. “నడిస్తే మొకం సెదిరిపోద్ది,” అని కెమెరాకేసి కళ్ళార్పకుండా చూస్తూ కొయ్యలా నిలబడింది. గవర్రాజు పక్కకి లాగి, “బావా, రీలు దండగ. పొయ్యి కోక మార్సుకుని రమ్మను,” అన్నాడు. ఆవిడ మొహంలో ఆ సంబరం చూశాక మాస్టారికి నోరు రాలేదు. రీలంతా ఆ పట్టుకోకకే అయిపోయింది. వెళ్తూ వెళ్తూ, “నాకోటి ఇత్తావా? గోడకి కట్టుకుంతాను,” అంది.

నిన్న పొద్దున్న మాత్రం ఆవిడ తలకుదురు అడిగి పుచ్చుకున్నాడు. నెత్తికీ గంపకీ మధ్య పెట్టుకునే గుడ్డచుట్ట అది. పాత కోక పీలికలు మెలిపెట్టి, పైన వల దారం చుట్టి, ఆవిడే కట్టుకుంది. “రేపొచ్చినప్పుడు తీసుకుంతాను, ఉంచు,” అని, కొంగు మడిచి నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

నూకాలు ఇక వచ్చేలా లేదు. మాస్టారు తెల్ల ప్యాంటు వేసుకుని, సుద్ద పూసిన కాన్వాసు బూట్లు తొడుక్కుని, ఫొటోలూ తలకుదురూ సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. వెంకటరమణమ్మ గబగబా చెంబుతో నీళ్ళు పట్టుకుని సందు చివరిదాకా వెళ్ళి, తిరిగి ఆయనకి ఎదురొచ్చింది. “గంపకి బదులు నాను. సాల్దేటి?” అంది. ఆయన నవ్వాడు గానీ మనసులో ఓ మూల పీకుతూనే ఉంది.

యూనివర్సిటీ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న ప్రొఫెసర్ శ్రీరామ్మూర్తి గారు ఫొటోలు ఒక్కొక్కటీ తిప్పి చూసి కళ్ళజోడు తీశారు.

“ఇవేమిటండీ, పెళ్ళి ఫొటోలా?”

పక్కనున్న ఇద్దరూ నవ్వారు.

“తప్పు నాదేనండి. రోజూ కట్టే చీరతో రమ్మని చెప్పలేకపోయాను.”

“ఏం?”

“ఆవిడకి జన్మలో మొదటి ఫొటో అండి.”

ప్రొఫెసరు గారు ఇంకోసారి ఫొటో చూశారు. ఈసారి కాస్త ఎక్కువసేపే చూశారు. “సరే, అసలు ఈవిడ నడకలో మీరు చూసిందేమిటో చెప్పండి,” అన్నారు.

అడిగారు! ఇన్నేళ్ళకి ఎవరో ఒకరు అడిగారు. మాస్టారు నోరు తెరిచాడు. రాత్రంతా వల్లెవేసిన మాటలన్నీ ఎటో పోయాయి. మెడ అన్నాడు, నడుమన్నాడు, మళ్ళీ మెడ అన్నాడు. చివరికి చెమట తుడుచుకుని, “చూపిస్తానండి,” అని లేచాడు. సంచిలోంచి తలకుదురు తీసి నెత్తిన పెట్టుకున్నాడు. గదిలో ఎండుచేపల వాసన ఘుప్పుమంది. బల్ల మీదున్న లావుపాటి పుస్తకాలు దొంతర పెట్టి, తువ్వాలుతో మూటగట్టి, దాని ముందు నిలబడ్డాడు.

“ఒక చెయ్యి వెయ్యండి సార్. ఇది ఒక్కరు ఎత్తుకునేది కాదు.”

ప్రొఫెసరు గారు ఒక క్షణం ఆయన మొహంలోకి చూసి, కుర్చీ వెనక్కి తోసి వచ్చి, ఓ పక్క పట్టారు. మూట నెత్తికెక్కింది. మాస్టారు మెడ వెతుక్కుంది, తడబడింది, నిలబడింది. బల్ల చుట్టూ నడక సాగించాడు. చెయ్యి తిప్పుతూ, నడుము ఊపుతూ, ఆ తెల్ల ప్యాంటులో అచ్చంగా నూకాలే అయిపోయాడు. తలుపు దగ్గర మలుపు తిరగబోతే మూట కాస్తా జారి పుస్తకాలన్నీ దబదబా కిందపడ్డాయి.

“పడిపోయాయేం?” అన్నారు ప్రొఫెసరు గారు నవ్వాపుకుంటూ.

“నాకు రాదండి. వస్తే ఈ చదువెందుకు?”

ఈసారి ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు స్టాఫ్‌రూములో నవ్వులాంటిది కాదని మాస్టారికి వెంటనే తెలిసింది. కింద కూర్చుని పుస్తకాలు ఏరుతుంటే, పైనుంచి ప్రొఫెసరు గారి మాట వినబడింది. “జూన్‌లో చేరండి. ఆవిణ్ణి ఒకసారి తీసుకురండి, ఇక్కడే ఫిల్ము తీద్దాం. ఈసారి మటుకు పాత చీరతో!”

బస్సులో సీటున్నా మాస్టారు కూర్చోలేకపోయాడు. ప్రొఫెసరు గారినడిగి ఒక ఫొటో తిరిగి తెచ్చుకున్నాడు, అన్నిట్లోకీ ఆవిడ మొహం బాగా వచ్చినది. ఇంటికి కూడా వెళ్ళకుండా రేవు దగ్గర దిగిపోయి, ఆవిడుండే పేటకేసి నడిచాడు. ‘అప్పా, నీ గంప ఎదురు రాకపోయినా నీ నడకే సీటు తెచ్చింది’ అని ఎలా చెప్పాలో, ఆవిడ ఏమంటుందో, దారంతా అదే అనుకున్నాడు. పాత కోకలో రావడానికి ససేమిరా అంటుంది, తప్పకుండా అంటుంది.

పేటలో వలలు ఆరేసిన చోట జనం గుంపుగా ఉన్నారు. తప్పెట వినబడింది. గంగరాజు తడిబట్టలతో ఎదురొచ్చి, మాస్టారి చెయ్యి పట్టుకుని బావురుమన్నాడు.

“అమ్మెల్లిపోనాది మేస్టారూ.”

పొద్దున్నే రేవులో అందరికన్నా ముందు గంప నింపుకుందట. “మేస్టరు బావు బయలెల్తాడు, నాను ముందెల్లాలి,” అని తొందరపడిందట. గొంతుక్కూర్చుని, కొంగు కుదురులా మడిచి నెత్తిన పెట్టుకుని, “ఓ సెయ్యెయ్యే తాయారూ,” అని కేకేసిందట. పక్కనున్న తాయారు తన చేపలు సర్దుకుని వచ్చేసరికి, గంప అంచు మీద తల ఆనించుకుని అలాగే ఉందట. కునుకేసిందనుకుని తట్టి లేపబోయిందట.

జూన్, ఫిల్ము, సీటు, అన్నీ మాస్టారి నోటిదాకా వచ్చి అక్కడే ఉండిపోయాయి. పాడె మీద నూకాలు ఆ పట్టుకోకలోనే ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు. అరికాళ్ళు పగుళ్ళతో, ఆవిడవిలాగే ఉన్నాయి. ఫొటో తీసి కోడలి చేతిలో పెట్టాడు. ఆ పిల్ల దాన్ని చూసి, “ఇదిగో సూడండే, ఎలగుందో,” అని పక్కవాళ్ళకి చూపించి గొల్లుమంది.

“పొద్దోతంది, లేపండ్రా,” అన్నారెవరో. ముగ్గురు వంగారు. నాలుగో మూలనున్న ముసలాయనకి నడుము లేవలేదు. గంగరాజు అటూ ఇటూ చూసి, “మేస్టారూ, ఓ సెయ్యెయ్యండి,” అన్నాడు.

మాస్టారు సంచి భుజాన వెనక్కి నెట్టుకుని వంగాడు. లేపాడు. భుజం మీదికి బరువు మారేటప్పుడు ఆయన మెడ ఒక్కసారి వెతుక్కుంది, కానీ ఎక్కడా నిలబడలేదు. ఇన్ని వందలమంది పిల్లలకి లెఫ్టూ రైటూ నేర్పినవాడికి అడుగు కలవలేదు. ముందువాళ్ళు కుడి వేస్తే ఈయన ఎడమ వేశాడు, సర్దుకోబోయి మళ్ళీ తప్పాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. శ్మశానం దాకా అలాగే నడిచాడు.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. గుమ్మం బయటే ఆగిపోయిన ఆయన్నీ, మట్టికొట్టుకున్న ఆ బట్టల్నీ చూసి వెంకటరమణమ్మ గడప దగ్గరే ఆగింది.

“ఎవరు?”

“నూకాలప్ప.”

ఆవిడ నోటికి కొంగడ్డం పెట్టుకుని అక్కడే చతికిలబడింది. పొద్దున్న తనన్న మాట గుర్తొచ్చిందేమో, చాలాసేపు ఏడ్చింది. తరవాత లేచి, నీళ్ళు తోడడానికి వెళ్తూ, అడగాలా వద్దా అన్నట్టు అడిగింది.

“మరి సీటు?”

“వచ్చింది,” అన్నాడాయన.

ఆవిడ దొడ్లోకి వెళ్ళాక, స్నానానికి వెళ్ళే ముందు సంచి ఖాళీ చేశాడు. రేపు తీసుకుంతాను అని నూకాలు ఉంచిపోయిన వస్తువును, రోజూ గంప దించే చోటే, అరుగు మీద పెట్టాడు. నడుమ గంప అడుగు ఒత్తుకున్న గుంట అలాగే ఉన్న ఆ తలకుదురు అంచున, వల దారంలో చిక్కుకుని, నిన్నటి చేప పొలుసు ఒకటి ఇంకా ఉంది.