జాజు గీత

టైల్స్ నానబెట్టే పని కూడా చివరికి యశోద నెత్తినే పడింది. గోడకు అతికించే టైల్స్ పొడిగా ఉంటే సిమెంటులోని తడినంతా పీల్చేసుకుని తొందరగా ఊడిపోతాయని మేస్త్రి మల్సూర్ చెప్పాడు. ఇవాళ వంటగట్టుకు బండ వేస్తాడట, రేపు గోడకు టైల్స్ పెడతాడట. భర్త శ్రీను అంతా విని, "యశోదా, ఇన్నవు గద, నానబెట్టు" అనేసి బండి ఎక్కి కరెంటు ఆఫీసు డ్యూటీకి పోయాడు. ఈ పని కోసం ఆమె తన ఉద్యోగానికి సెలవు పెట్టాల్సి వచ్చిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

సూర్యాపేటలోని ఒక పెద్ద బట్టల షాపులో చీరల సెక్షన్ ఆమెది. పొద్దంతా నిలబడి, మడతలు విప్పి, "మీకే రంగు ఇష్టమమ్మా?" అని అడగడమే ఆమె కొలువు. చాలామంది ఆడవాళ్లు ఆ ప్రశ్నకే తడబడి, పక్కనున్న భర్త మొహం చూస్తారు. ఎప్పుడో ఒకామె మాత్రం కుర్చీలో దర్జాగా కూర్చుని, "అన్నీ తియ్యమ్మా, నిదానంగా చూస్తా" అంటుంది. తోటి అమ్మాయిలు అలాంటివాళ్లను చూసి గొణుక్కుంటారు. యశోదకేమో వాళ్లంటే లోలోపల ముచ్చట. ఒక్కసారైనా తానూ అట్లా కూర్చోవాలని ఉండేది.

ఆ ముచ్చట కోదాడ టైల్స్ షాపులో తీరుతుందనుకుంది. ఎవరో దోస్తు చెప్పాడని శ్రీను అక్కడికి తీసుకెళ్లాడు. వరుసగా పేర్చిన టైల్స్‌లో నారుమడి పచ్చలో ఒక సాదా టైల్ ఆమె కంటబడింది. గరిడేపల్లి పొలాల్లో పెరిగిన పిల్ల, చూసీ చూడగానే చేతిలోకి తీసుకుంది. షాపతను దాన్ని సుతారంగా ఆమె చేతిలోంచి లాగి యథాస్థానంలో పెట్టేసి, "మీరు కూర్చోండి మేడమ్, కూల్‌డ్రింక్ తెప్పిస్తాను" అన్నాడు. ఆ పైన శ్రీను వైపు తిరిగి, "ఇప్పుడంతా ఇదేనండి సార్. కింద డార్కు, పైన లైటు, మధ్యలో హైలైటరు" అన్నాడు. హైలైటరంటే టీ కప్పులు, ద్రాక్షగుత్తుల బొమ్మలున్న పట్టీ. "డార్క్ అయితే మరక కనపడది, నీకే సుఖం" అన్నాడు శ్రీను. మరక కనపడకపోతే తుడిచే పని తప్పుతుందనుకునేవాడు జన్మలో స్టవ్ తుడిచి ఉండడు. ఆ మాటను యశోద కూల్‌డ్రింక్‌తో పాటు మింగేసింది.

రంగు సంగతి పోనీలే అనుకుంది. ఆమె ప్రాణమంతా గట్టు ఎత్తు మీదే ఉంది. యశోద పొడగరి. పాత గట్టేమో ఆమె తొడల దాకానే వచ్చేది. కూర కలపాలన్నా, సింకులో గిన్నెలు కడగాలన్నా సగానికి వంగాల్సిందే. షాపులో నిలబడి నిలబడి, ఇంట్లో వంగి వంగి, పక్క మీద వాలేసరికి నడుం కట్టెలా బిగుసుకుపోయేది. ఆ గట్టు అత్త ఉప్పలమ్మ కోసం మామ తిరుపతయ్య బతికుండగా కట్టించిందని ఇంట్లో అందరి మాట. ఉప్పలమ్మ పొట్టి మనిషి. "అమ్మకు రాని నడుంనొప్పి నీకెందుకొస్తది?" అనేవాడు శ్రీను. కొత్త కోడలిగా ఉన్నప్పుడు నొప్పని చెప్పుకుంటే ఉప్పలమ్మ కూడా, "అలవాటైతది తియ్యి" అని ఊరుకుంది. ఆ మాట యశోద మనసులో ముల్లులా ఉండిపోయింది. అత్త కొలతకు కట్టిన గట్టు దగ్గర తన నడుం విరుగుతోంది, ఆ అత్త గడప మీద కూర్చుని చూస్తోంది. ఈ బాధతో గిన్నెలు కడుగుతూ ఎన్నిసార్లు కళ్లు తుడుచుకుందో ఆమెకే తెలియదు.

ఇప్పుడా గట్టును పగలగొట్టారు. కొత్త బండ పడి, దానిమీద టైల్స్ లేచాయంటే ఇక ఈ జన్మకు అదే ఎత్తు. కొంచెం పెంచుదామని శ్రీనును అడిగింది. సూద్దాం అన్నాడు. పొద్దున పోతూ పోతూ మేస్త్రితో మాత్రం, "పాతదానంతనే పెట్టు, అమ్మకు అలవాటు" అన్నాడు.

టబ్బులో టైల్స్ ఒక్కొక్కటే ముంచుతుంటే మల్సూర్ టేపు పట్టుకుని పిలిచాడు. "అక్కా, సార్ చెప్పినట్టే గీత గీస్తున్న మరి."

యశోద తల వంచుకుని ఇంకో టైల్ ముంచింది. గడప దగ్గర కూర్చున్న ఉప్పలమ్మ లేచింది.

"జర ఆగు మల్సూరూ" అంటూ లోపలికి పోయి సత్తు డబ్బా పట్టుకొచ్చింది. అందులో జాజు, అంటే ఎర్రమట్టి రంగు ఉంది. గొర్రెలున్న రోజుల్లో వాళ్ల జీవాలు పక్క మందలో కలిసిపోకుండా వీపున పెట్టే ఎర్రటి గుర్తు అది. గొర్రెలమ్మి సూర్యాపేటకు వచ్చినా, గడపకు పూయడానికని ఆ డబ్బాను మాత్రం వదల్లేదు.

"యశోదా, ఇటు రా. గోడకు నిలవడు. చెయ్యి మడువు."

యశోద తడి చేతులతోనే వచ్చి నిలబడింది. ఉప్పలమ్మ కోడలి మోచేయి పట్టుకుని, దాని కింద బెత్తెడు జాగా వదిలి, తడిపిన జాజులో వేలు ముంచి గోడ మీద పొడుగ్గా గీత గీసింది. "బండ గీడికి రావాలె" అంది మేస్త్రితో.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన శ్రీను ఆ గీత చూసి నోరెళ్లబెట్టాడు. "గంత ఎత్తా? నువ్వెట్ల అందుకుంటవే అమ్మా?"

"నాకెందుకురా అందుడు? ఒండేది యశోద గద."

"మరి నాయిన నీ కోసమనే గద పాతది..."

ఉప్పలమ్మ నవ్వింది. "నా కోసమా? ఊళ్లె మీ అయ్య గొర్ల దొడ్డికి తెచ్చిన బండలు మిగిల్తే ఈడికి మోసుకొచ్చిండు. కొయ్యబుద్ధి గాక అట్లనే నిలవెట్టి గట్టు కట్టిచ్చిండు. అది గొర్లకు పెట్టిన ఎత్తు కొడకా. పొట్టిదాన్ననే గని, నేను గూడ వంగే ఒండిన. నా నడుం ఎన్నడు సక్కగున్నది?"

"ఎన్నడూ చెప్పకపోతివి?"

"ఎన్నడన్న అడిగినవా?"

శ్రీను కంచం ముందు కూర్చున్నాడు.

అతను వెళ్లిపోయాక యశోద అడిగింది. "నాకన్న చెప్పకపోయినవా అత్తమ్మా?"

"అలవాటైతదని మా అత్త నాకు చెప్పింది. అదే నేను నీకు చెప్పిన. ఇగ సాలు బిడ్డా."

యశోదకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్లూ తిట్టుకున్న మనిషి తనలాగే ఆ బండ ముందు వంగిందన్న సంగతి ఇప్పుడు తెలిసింది. ఆ ముసలి చేతిని, వేలికంటిన జాజుతో సహా, రెండు చేతులా పట్టుకుంది.

గోడకు టీ కప్పులు, ద్రాక్షగుత్తులే వచ్చాయి. పచ్చ రంగు రాలేదు. అయినా నిటారుగా నిలబడి కూర కలుపుతుంటే ఆ కప్పులు కూడా ముద్దుగానే కనిపించాయి. జాజు గీత బండ వెనక్కి పోయింది. అది ఎక్కడుందో తెలిసిన యశోద మాత్రం రోజూ స్టవ్ వెలిగించేటప్పుడు మనసులో అత్తకు దండం పెట్టుకునేది.

ఇక బాత్రూం మిగిలింది. "అదే డిజైన్ల చెప్పొస్త" అన్నాడు శ్రీను.

"వద్దు. నేను పోయి తెస్త" అంది యశోద. "అత్తమ్మ గూడ వస్తది."

ఇద్దరూ బస్సెక్కి కోదాడ పోయారు. షాపతను గుర్తుపట్టి, "సార్ రాలేదా మేడమ్?" అంటూ వాళ్ల వెనక్కి తొంగిచూశాడు.

"రాలేదు" అని యశోద, తన కోసం వేసిన కుర్చీని ముందుకు జరిపి ఉప్పలమ్మను కూర్చోబెట్టింది. జీతం కోసం ఊళ్లోవాళ్లందరినీ అడిగే ప్రశ్నను మొదటిసారి ఇంటి మనిషిని అడిగింది.

"అత్తమ్మా, నీకే రంగు ఇష్టం?"

ఉప్పలమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినైనా అడుగుతోందేమోనని. "నన్నా?"

"నిన్నే."

 ఉప్పలమ్మ గోడ పొడుగూతా ఉన్న రంగులన్నిటి మీదా చూపు మెల్లగా తిప్పింది. తర్వాత కొంగు సర్దుకుని, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది.

"అన్నీ తియ్యమను బిడ్డా. నిదానంగ సూస్త."