మూలనున్న నాలుగు సాళ్లు

“మూలకు పోయినావంటే మూడు దినాలు మడి తట్టు సూడొద్దు,” అనేది మా అత్త గిడ్డమ్మ, నా చెంబూ చాపా ఎడంగా పెడుతూ. నెలసరి వచ్చిన ఆడదాని నీడ పడితే ఉల్లి గింజ తాలు పోతుందని ఆమె నమ్మకం. పెరటి చివర జిల్లేడు పొదల పక్కన గడ్డి కప్పిన చిన్న పాక ఉండేది. నా చోటు అది; దాని అవతలే మా ఉల్లి మడి. పెళ్లయి ఆలూరు వచ్చి పద్నాలుగేళ్లు. ఇద్దరు పిల్లల్ని మోసిన కాలం తీసేసినా నాలుగు వందల రోజుల పైచిలుకు ఆ పాకలో గడిపాను. ఊరికే కూచోవడం నాకు చేతకాదు. కళ్లముందు ఏం జరుగుతుందో చూస్తూ కూచున్నాను.

జిల్లేడు ఆకు మీద పసుపు, నలుపు చారల పురుగు పొద్దస్తమానం తినేది. తరవాత ఆకు కింద ఆకుపచ్చ జూకాలా వేలాడేది. నేను స్నానం చేసి ఇంట్లోకి పోయి, మరుసటి నెల పాకకు వచ్చేసరికి ఆకుల మీద దాని పిల్లలు మేస్తుండేవి. జూకాలా వేలాడిన ఆ పురుగే నారింజ రంగు సీతాకోకచిలుకై ఉల్లి పూల మీద తిరిగేది. ఎర్ర వీపు మీద నల్ల చుక్కలున్న అక్షింతల పురుగులు కాడల రసం పీల్చే పేనును ఏరుకు తినేవి. నేను రోజంతా వంగి ఏరినా అంత ఏరలేను. ఒక ఏడు ఒక పూగుత్తికి పల్చని గుడ్డ కట్టి చూశాను. రెక్కలున్నదేదీ వాలని ఆ గుత్తిలో గింజ పట్టలేదు. ఆ సంగతి నా భర్త దేవేంద్రప్పకు చెబితే, “గుడ్డ దండగ,” అన్నాడు.

మాది విత్తనాల అంగడి. చుట్టూ ఇరవై ఊళ్లలో మా ఉల్లి విత్తనానికి దేవేంద్రప్ప ఇత్తనం అని పేరు. కార్తీకంలో గడ్డలు ఏరేది నేను. నాటేది, నీళ్లు మోసేది, గుత్తులు కోసి నలిపి చెరిగేది, బూడిద కలిపి కుండకెత్తేది నేను. గద్దె మీద కూచుని కొలిచేది ఆయన. నేను మడిలో లేని మూడు రోజులూ ఎవరూ నీళ్లు కూడా పోసేవాళ్లు కాదు. అయినా నా నీడే చేటు.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటి ఏడు మాఘంలో మడి తెల్లగా పూచింది. నేను పాకలో ఉన్నాను. ఆయన డోన్ పోయి ఒక సంచి తెల్ల పొడి తెచ్చాడు. పురుగన్నది లేకుండా పోతుందని ఎవరో చెప్పారట. పొద్దున పూలు విచ్చుకునే వేళ, పల్చని గుడ్డలో పొడి మూటగట్టి సాళ్ల వెంట దులుపుతూ వచ్చాడు. మూలనున్న మనిషి గొంతెత్తకూడదు. అయినా పిలిచాను.

“ఆ పొడి సల్లొద్దు. పూల మీద వాలినవన్నీ సస్తాయి.”

“సావాల్నే కదా సల్లేది. నీకు పురుగులేరే పని తప్పిస్తాండా, నోరు మూసుకోని కూచో,” అని నవ్వాడు.

పాక దగ్గరి నాలుగు సాళ్లకు వచ్చేసరికి ఆగాడు. నా మైల తగులుతుందని వెనక్కి తిరిగాడు. ఆ నాలుగు సాళ్లూ అట్లాగే ఉండిపోయాయి.

నాలుగో రోజు స్నానం చేసి మడిలోకి పోయాను. మట్టి మీద నారింజ రెక్కలు, తేనెటీగలు, వెల్లకిలా పడిన అక్షింతల పురుగులు. ఊడిస్తే చేటెడు. పది రోజులకు పేను మళ్లీ పట్టింది, ఈసారి దాన్ని తినేవాళ్లు లేరు. సీతాకోకచిలుకలు కొన్ని మిగిలాయి. అవి జిల్లేడు దగ్గర పుట్టి ఆ నాలుగు సాళ్ల మీదే తిరిగాయి.

చైత్రంలో గుత్తులు కోశాను. మడి నడుమవి నలిపితే పొట్టు తప్ప ఏమీ రాలలేదు. మా అత్త చూసి, “సెప్పలేదా, దీని నీడ పడినాది,” అంది కొడుకుతో. నాలుగు సాళ్ల గుత్తుల్ని ఇంకో చేటలో విడిగా నలిపాను. నల్లటి గింజ గలగలా రాలింది. రెండు చేటలూ ఆమె ముందు పెట్టాను.

“అత్తా, ఇది నా నీడ పడిన చేట. ఇది పడని చేట. నువ్వే సూడు.”

ఆమె పొట్టులో వేళ్లు పెట్టి వెతికింది. చాలాసేపు వెతికింది.

ఆయన మాత్రం ఇంకో ఎత్తు వేశాడు. కుండలో మిగిలిన నిరుటి గింజ ఇందులో కలుపుదాం, చూస్తే ఎవరికి తెలుస్తుంది అన్నాడు. నిజమే, రెండూ ఒకే నలుపు. కానీ ఉల్లి గింజకు ప్రాణం ఒక్క ఏడే. నిరుటి గింజలు ఇరవై తీసి తడిగుడ్డలో కట్టి ఉంచాను. అయిదో రోజు విప్పితే మొలిచినవి మూడు. గుడ్డ తీసుకుపోయి గద్దె మీద ఆయన ముందు పరిచాను. కొత్త గింజ కుండ గదికి తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకున్నాను.

తొలకరికి ముందు పక్కూరి నుంచి మద్దమ్మ వచ్చింది. ఏటా నారు పోసి అమ్ముకునే మనిషి. గిద్దెడు గింజ కొలిచి ఇచ్చాను.

“శానా తక్కువిస్తాండావే సోమక్కా. మీ ఆయప్ప ఇత్తనానికి ఏమైంది?”

“ఆయప్పది పొట్టు అయిపోయింది మద్దమ్మా. ఇది నాది. మా మడి కాడ జిల్లేడు కొట్టేయకుండా, ఉల్లి పూచినాక పొడి సల్లకుండా ఉంటే మళ్లేడు గంపెడు ఇస్తాను.”

గద్దె మీద ఉన్న ఆయన విన్నాడు. ఆ రోజు నుంచి విత్తనం అడగవచ్చినవాళ్లకు ఆయన నా వైపు చెయ్యి చూపడం మొదలుపెట్టాడు.

జ్యేష్ఠంలో మా వాటా గింజ నారుమడిలో చల్లాను. సూదుల్లా పచ్చగా లేచింది. పూటకోసారి తడపకపోతే ఎండకు మాడిపోయే నారు. ఆ వారమే నాకు నెలసరి వచ్చింది. అత్త ఏమీ అనకుండా అలవాటు కొద్దీ చెంబూ చాపా పాక ముందు పెట్టింది.

చాప అక్కడే ఉంచాను. చెంబు నింపుకుని, నా నీడ ముందు పడుతుండగా నారుమడిలోకి నడిచాను.