మంచోని సాక్ష్యం

సమ్మయ్య తన ప్రాణం తానే తీసుకున్న పన్నెండో నాడు సిరిసిల్లలోని ఆ గల్లీకి విచారణ జీపు వచ్చింది. బతికుండగా ఆ మరమగ్గాల కార్మికుడి ఆకలి అడగడానికి ఒక్కరూ రాలేదు. చచ్చాక ముగ్గురొచ్చారు. సాంచలని పిలిచే ఆ మగ్గాల మీది బతుకే అతణ్ని చంపిందని వాళ్లు రాస్తే భార్య జమునకు అంత్యోదయ కార్డు వస్తుంది, నెలకు ముప్పై అయిదు కిలోల బియ్యం వస్తాయి. రాయకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

పెద్దసారు హుస్సేన్‌ను పిలిచాడు. సమ్మయ్య నడిపిన సాంచల పక్కవి నడిపేది హుస్సేనే. పదమూడేళ్లు ఒకే షెడ్డులో, రోజుకు పన్నెండు గంటలు ఇద్దరూ నిలబడ్డారు.

"కూసోండ్రి" అని సారు కుర్చీ చూపించాడు. హుస్సేన్ పుట్టి బుద్ధెరిగాక ఏ ఆఫీసరూ అతణ్ని కూర్చోమనలేదు.

"మీరు తాగుతరా?"

"తౌబా! ముట్ట సార్. రెక్కల కష్టం తింట. ఎవ్వని సొమ్ము ముఫత్‌ల, ఉత్తగ తిన్లే."

"మీలాంటోళ్లుండాలె. మరి సమ్మయ్య?"

జమున గుమ్మంలో నిలబడి వింటోంది. నిజమే కదా చెప్పేది అనుకున్నాడు హుస్సేన్. మంచివాడు అనిపించుకోవడంలో ఇంత తీపి ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

"తాగుతుండె సార్. రోజు కల్లు."

ఆ మాట కాగితం మీదికెక్కి 'మద్యానికి బానిస' అయింది. సాంచల ఊసే లేదు. కార్డు రాలేదు. పేదోణ్ని పరీక్షించడానికి పేదోణ్నే కూర్చోబెట్టే ఈ విద్య సర్కారు ఎంత చవగ్గా నేర్చిందో చూడండి. ఒక కుర్చీ చాలు.

అది రెండువేల పదో సంవత్సరం. చౌరస్తాలో తెలంగాణ దీక్షా శిబిరం నడుస్తోంది. షిఫ్టు దిగగానే హుస్సేన్ వెళ్లి కూర్చునేవాడు. "బిచ్చమడుగుతలేం, మా హక్కడుగుతున్నం" అని అందరికంటే గట్టిగా అరిచేవాడు. ఇంటికొచ్చాక మాత్రం, "తాగేటోని ఇంటికి సర్కారు బియ్యమెందుకు? కష్టపడేటోన్ని, నాకిచ్చిండ్రా?" అనేవాడు. ఇవ్వని వాడి మీదికి పోవాల్సిన మంట పక్కింటి మీదికి పోయింది.

ఒకరోజు అతను అన్నానికి కూర్చుంటే, బీడీలు చుడుతూ భార్య వహీదాబీ కొడుకు పేరుతో పిలిచి అంది:

"సోహైల్ కే అబ్బా, సమ్మయ్య తల్లి ముత్తవ్వ లేదూ, సోమారం ఒక్కపొద్దన్నది. రాజన్నకట. మంగళారం అంజన్నకట. శుక్రారం ఎల్లమ్మకట. ఇయ్యాల ఏ దేవునిదే అవ్వా అంటే చెప్పరాలే. తన బువ్వ మనుమరాండ్లకు పెట్టి దేవుని పేరు చెప్తాంది. మన రోజాకు ఇఫ్తార్ ఉంటది. ఆ ముసల్దాని రోజా ఎన్నడిడుస్తది?"

హుస్సేన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. పళ్లెం పక్కకు జరిపి, చొక్కా తొడుక్కుని కార్మిక సంఘం ఆఫీసుకు పోయాడు.

అక్కడ అప్పటికే లొల్లి నడుస్తోంది. మళ్లీ విచారణ పెట్టించాలని బీడీ కార్మికుల నాయకురాలు బాలమ్మ పట్టుబట్టింది. సాంచల కార్మికుడు మల్లన్న అడ్డం తిరిగాడు.

"తాగుడు అబద్ధమా? ఉన్నదే చెప్పిండు హుస్సేన్."

"ఉన్నదే. మరి మీ షెడ్డు ఓనరు దామోదర్ రావుకు సర్కారు సాంచల కరెంటు బిల్లు సగం మాఫీ చేస్తాంది. గాయినింట్ల ఎవ్వడన్న కుర్చేసుకొని అడిగిండా, దొరా, సీసాలెన్ని ఖాళీ చేస్తవని?"

"ఆయినది యాపారం, బాలక్కా."

"ఆయినకిస్తే యాపారం. మనకిస్తే ముఫత్. గంతేనా?"

మల్లన్న ఒప్పుకుంటూ తలూపాడు. హుస్సేన్ లేచాడు.

"తప్పు నాది. కూసోమన్నడని ఉబ్బిపోయిన. ఈసారి తాగలేదని చెప్త. ఖురాన్ మీద చెయ్యెయ్యుమన్నా ఏస్త."

గల్లీ అంతా అదే మాట మీద నిలబడాలని తీర్మానించారు.

అర్జీల మీద అర్జీలు పెట్టగా నెలకు మళ్లీ జీపొచ్చింది. ఈలోగా ముత్తవ్వ మంచం పట్టింది. జనం మూగారు. సారు ఈసారి మెత్తగా మాట్లాడాడు.

"నేను సుత దీక్షల కూసున్నోన్నే. సమ్మయ్య తాగకపోతుండె అని చెప్పుండ్రి, సంతకం పెడుత."

హుస్సేన్ నోరు తెరిచాడు. జమున అడ్డమొచ్చింది.

"వద్దన్నా. తాగిండు సార్, నా మొగడు. పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్లు తాగకపోతే పండనియ్యకపోతుండె. తాగినోని పిల్లలకు ఆకలి కాదా? ఇయ్యాల అబద్ధమాడి నేనొక్కదాన్ని బియ్యం తెచ్చుకుంట. రేపు మల్లన్న పెండ్లాన్ని ఏమడుగుతవ్? ఇంట్ల టీవీ ఉన్నదా, కొత్త చీర కట్టిందా అనా?"

"అట్లయితే కార్డు రాదమ్మా. మల్ల నన్ననొద్దు."

జమున ఇంట్లోకి చూసింది. కూతుళ్లిద్దరూ నానమ్మ మంచం పట్టె పట్టుకుని నిలబడ్డారు. ఒక్క అబద్ధానికి ముప్పై అయిదు కిలోలు. ఆమె సారు వైపు తిరిగింది.

"రాకపోతె రాకపాయె. రాష్ట్రమొచ్చినంక సుత గిదే కాగితం పట్టుకొని అస్తవా సారూ?"

సారు జీపెక్కాడు. హుస్సేన్ వెళ్లి జీపు ముందు నేల మీద కూర్చున్నాడు.

"ఇది రాసుకో సార్. మన్ను తినైన బతుకుతం గని, ఇగ ఒకని మీద ఒకడు సాక్ష్యం చెప్పం. కార్డు గల్లీ అంతకియ్యాలె. అడుగుడు లేకుంట ఇయ్యాలె."

మల్లన్న వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. తర్వాత వహీదాబీ, బాలమ్మ. తర్వాత ఎవరెవరో చెప్పలేనంత మంది.

మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చింది. విధులకు అడ్డుపడ్డారని హుస్సేన్‌ను, జమునను, ఇంకో తొమ్మిది మందిని ఎక్కించుకుపోయింది. వహీదాబీ జమున పిల్లల్ని తనింటికి తీసుకుపోయి, ఉన్న గంజి ముత్తవ్వకు తాగించింది. కబురు షెడ్డు నుంచి షెడ్డుకు పాకింది. "పనిడిసి పోయినోడు మల్ల గడప తొక్కద్దు" అని దామోదర్ రావు తలుపు దగ్గర నిలబడి బెదిరించాడు. అతని పక్క నుంచే కార్మికులు బయటికి నడిచారు. ఒక్కో వీధిలో సాంచలు ఆగిపోయాయి.

సాయంత్రానికి ఠాణా ముందు ఆరు వందల మంది బైఠాయించారు. లాఠీలు లేచినా ఎవరూ లేవలేదు. వాళ్లలో తాగేవాళ్లెందరో, తాగనివాళ్లెందరో ఎవరూ అడగలేదు.