పది లెక్కపెట్టే దాకా

హలో, వినిపిస్తోందా? బాగున్నారా అందరూ? చేతిలో పని ఉంటే కాసేపు పక్కన పెట్టండి. కోదాడ బైపాస్ పక్కన ఒక రేకుల షెడ్డులో నడిచిన కథ చెబుతాను.

ఆ షెడ్డు సాయిబాబుది. మిర్యాలగూడ రైసు మిల్లులకు వడ్లు నానబెట్టే స్టీలు ట్యాంకులు అక్కడ తయారవుతాయి. పెద్ద వెల్డర్ మల్సూర్. మునగాల మనిషి, యాభై రెండేళ్లు. అంతకుముందు సూర్యాపేటలో ఇరవై ఏళ్లకు పైగా ట్రాక్టర్ ట్రాలీలకు ఆర్క్ వెల్డింగ్ చేశాడు. మల్సూర్ అతుకు పెడితే ట్రాలీ విరగాలి తప్ప అతుకు విరగదని డ్రైవర్లు అనుకునేవారు. స్టీలుకు గ్యాసు చాటున అతికే టిగ్ వెల్డింగ్ కావాలంటే అదీ నేర్చుకున్నాడు. నాలుగేళ్లుగా షెడ్డులో టిగ్ టార్చి పట్టింది అతనొక్కడే.

ఆ షెడ్డుకు ఒక ఆచారం ఉంది. ట్యాంకు పూర్తయ్యాక, దాన్ని చేసిన పెద్ద వెల్డర్ పేరు ఆ ట్యాంకు కాలి మీద, ఇంగ్లీషు అక్షరాలు చెక్కిన ఉక్కు పంచులు ఆనించి సుత్తితో కొడతారు. నాలుగేళ్లలో ఏ ట్యాంకు చూసినా మల్సూర్ పేరే. మిర్యాలగూడ పోయినప్పుడల్లా అతను ఏదో వంకతో మిల్లులోకి దూరి, ఆ కాలిని ఒకసారి చేత్తో తడిమి వచ్చేవాడు.

ఉగాది దాటాక ప్రమీల వచ్చింది. హైదరాబాద్‌లో మందుల కంపెనీలకు ట్యాంకులు చేసే చోట పదేళ్లు పని చేసింది. టీచరైన భర్తకు కోదాడ పక్కనున్న చిలుకూరు బడికి బదిలీ అయితే ఇటు వచ్చేశారు. మొదటి రోజు ఆమె వేసిన అతుకు చూసి మల్సూర్ కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సమంగా వాలి, లేత బంగారు రంగు తేలింది. తన అతుకు గట్టిదే గానీ, బూడిద రంగు.

"ఏందమ్మా, అతుకేస్తున్నవా, పుస్తెల గొలుసు అల్లుతున్నవా?" అన్నాడు పదిమందీ వినేలా.

"రెండూ ఒకటే అన్నా. ఆత్రపడితే రెండూ తెగుతయ్."

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు మల్సూర్ చెవిలో వారం రోజులు మోగింది. మధ్యాహ్నం సద్ది తిన్నప్పుడూ అదే, రాత్రి పక్క మీద వాలినప్పుడూ అదే.

వైశాఖంలో మిర్యాలగూడ నుంచి లింగస్వామి వచ్చాడు. ఒక మిల్లుకు మేనేజరు. ఎక్కడో కొన్న పాత ట్యాంకు కారి లోడు వడ్లు పాడైన కోపంలో ఉన్నాడు.

"పన్నెండు ట్యాంకులు గావాలె సాయిబాబూ. ముందు ఒకటి చెయ్యి. సగం అతుకులు ఈయన, సగం ఆమె. ఎవలది కారకపోతే మిగిలిన పదకొండింటికి ఆ చెయ్యే పెద్ద. వాళ్ల పేరే కొట్టాలె. రేపేమన్నా అయితే ఎవల్ని అడగాల్నో నాకు తెల్వాలె."

సాయిబాబు తల గోక్కున్నాడు. "అట్లాగే కానివ్వండి. ఏం మల్సూరూ?"

"నాకేం భయం?" అన్నాడు మల్సూర్. లోపల మాత్రం తన పేరున్న ట్యాంకు కాళ్లన్నీ ఒక్కొక్కటే కళ్ల ముందు కదిలాయి.

పని మొదలైంది. ప్రమీల టార్చి పట్టే ముందు ఫ్యాను ఆపేది, తలుపు మూసేది, రేకు చెమ్మ లేకుండా గుడ్డతో తుడిచేది. చెమట కారి కొంగు తడిసిపోయినా గాలి రానిచ్చేది కాదు. టార్చిలోంచి వచ్చే ఆర్గాన్ గ్యాసే కరిగిన లోహాన్ని కాపాడుతుంది. కాస్త గాలి తగిలితే ఆ గ్యాసు చెదిరిపోయి, అతుకులో సూది బెజ్జాలు పడతాయి. ఈ సంగతి ఆమెకు ఎంత తెలుసో మల్సూర్‌కూ అంతే తెలుసు.

అందుకే మూడో రోజు, "అబ్బా, సచ్చిపోతున్నం ఉడకకు" అంటూ పెద్ద కూలరును తన వైపు పెట్టుకున్నట్టే పెట్టుకుని, మూతిని నాలుగు వేళ్లంత ఆమె వైపు తిప్పాడు.

ప్రమీల హెల్మెట్ ఎత్తి అతుకు చూసింది. నల్లగా మసి, అక్కడక్కడ బెజ్జాలు. గ్యాసు మీటరు చూసింది, సరిగానే ఉంది. గొట్టం తడిమింది, బాగానే ఉంది. మెషీను మీది దేవుడి పటం దగ్గర వెలుగుతున్న అగర్‌బత్తి తీసి అతుకు పక్కన పట్టుకుంది. పొగ నిట్టనిలువుగా లేవలేదు. అడ్డంగా వంగింది. వంగిన దిక్కుకు ఎదురుగా ఆమె చూపు నడిచి కూలరు మీద ఆగింది. తర్వాత మల్సూర్ మీద.

మల్సూర్ తేలు కుట్టిన దొంగలా తల దించుకుని గ్రైండర్ పట్టాడు.

ప్రమీల కూలరు జోలికి పోలేదు. అట్టముక్క అడ్డం పెట్టుకుని, చెడ్డ అతుకంతా అరగదీసి మళ్లీ వేసింది. సాయంత్రం వెళ్తూ అతని అతుకుల దగ్గర ఆగింది.

"అన్నా, ఏమనుకోకు. నువ్వు అతుకు ఆపంగనే టార్చి లేపుతున్నవ్. కొసకు సన్నగ చీలిక వస్తది. కరెంటు మెల్లగ తగ్గించి, కరిగే తీగ ఒక బొట్టు ఎక్కువ పెట్టి, గ్యాసు ఆగేదాంక టార్చి గాడనే పట్టుకో. పది లెక్కపెట్టు."

"నువ్వు పుట్టకముందు పట్టిన నేను టార్చి," అన్నాడు మల్సూర్. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ చీలికలకు కారణం అతని పాత అలవాటు. ఆర్క్ వెల్డింగ్‌లో రాడ్ అయిపోగానే ఠక్కున లాగి, ముఖం ముందరి నల్లద్దం ఎత్తి, ఎట్లా వచ్చిందో చూసుకోవాలి. ఇన్నేళ్ల ట్రాలీలు ఆ చేతికి అదే నేర్పాయి.

పరీక్ష రోజు లింగస్వామి కళ్ల ముందే అతుకుల బయటి వైపు సున్నం పూశారు. లోపలి వైపు డీజిల్ రాశారు. ఎక్కడ వెంట్రుకంత దారి ఉన్నా డీజిల్ దూరి సున్నం మీద మచ్చ కడుతుంది. గంట గడిచింది. ప్రమీల వైపు సున్నం తెల్లగానే ఉంది. మల్సూర్ వైపు ఒక మచ్చ లేచింది. పక్కన ఇంకోటి. మొత్తం ఐదు. అతను టార్చి ఠక్కున లేపిన చోటల్లా ఒకటి.

లింగస్వామి ప్రమీల వైపు వంగి చూశాడు. "ఇదేందమ్మా, ఈ ఒక్కకాడ అరగదీసి మళ్ల ఏసినట్టున్నది?"

మల్సూర్ కూలరు వైపు చూడకుండా నేల చూపులు చూశాడు.

"గాలి తగిలింది సార్. మళ్ల ఏసిన," అంది. అంతే.

"అయితే ఈ అమ్మ పేరే," అని లింగస్వామి బైకెక్కాడు.

అందరూ టీకి పోయాక మల్సూర్ ఆమె దగ్గరికి వచ్చాడు. "కూలరు నేనే తిప్పిన. నీకు ఎరికే గదా?"

"అగర్‌బత్తికి ఎరికైంది, నాకు గాదా?"

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే నిన్ను పంపిస్తరు. పదకొండు ట్యాంకులు నేనొక్కదాన్నే చేస్తనా? నడుం ఇరుగుతది." నవ్వి, ఐదు మచ్చల వైపు చూపించింది. "పో అన్నా, అవి సక్కజెయ్యి. పది మర్వకు."

మల్సూర్ మొదటి చీలిక అరగదీసి, తుడిచి, టార్చి ముట్టించాడు. కొసకు వచ్చాక చెయ్యి లేస్తానంది. పళ్లు బిగించి ఆపాడు. ఒకటి, రెండు, మూడు... హెల్మెట్ చీకట్లో ఆరు దాకా రావడానికి ఒక ఏడాది పట్టినట్టైంది. పది అన్నాక గ్యాసు ఆగింది. అద్దం ఎత్తాడు. కొస మూసుకుని, మెరుస్తోంది. అయినా ఆమెదంత అందంగా లేదు, ముందు అదే కనబడింది.

ఇక ఆ ట్యాంకు కాలి మీద ప్రమీల పేరు కొట్టాలి. పంచుల డబ్బా నాలుగేళ్లుగా అతని దగ్గరే ఉంది, ఇంకొకరికి చేతకాదు. మొదటి అక్షరం కాలి మీద ఆనించాడు. కొంచెం వంకరగా ఆనించాడు. ఎవరు పట్టించుకుంటారు? కొడితే ఇక తుడిచేదీ కాదు. సుత్తి పైకి లేచింది.

అక్కడే ఆగింది. ఒకటి, రెండు, మూడు...

పది దాకా లెక్కపెట్టి, పంచు నిటారుగా సర్ది, కొట్టాడు. ఏడు అక్షరాలూ ఒక్క గీత మీద పడ్డాయి. కడుపులో మంట మాత్రం అట్లాగే ఉంది.

సరే మరి, ఉంటాను. మీకు తెలిసిన వెల్డర్లు ఎవరైనా ఉంటే వాళ్లకు ఈ కథ పంపండి. పక్కవారి పని చూసి నిద్ర పట్టనివారు ఉంటే, వాళ్లకు ముందు పంపండి.