మేకు పడని గోడలు

ఆ వీధికి తీగ ఇంటర్నెట్ వస్తోందన్నప్పుడు జనం వేసిన గంతులు చూసి పరుపులు కుట్టే పెద్దాయన కూడా నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు. మాట్లాడడం అంతకన్నా అరుదు. సర్కారు పథకం, చవక నెట్, పేదా గొప్పా తేడా లేకుండా ఇంటింటికీ తీగ. కాదనేవాడెవడు?

తీగ వేయడానికి వచ్చిన కాంట్రాక్టరును వీధి వీధంతా నెత్తిన పెట్టుకుంది. ఒకరు కుర్చీ వేస్తే ఇంకొకరు ఫ్యాను తెచ్చి పెట్టారు. ఇంటికొచ్చిన కొత్త అల్లుడికైనా అంత జరగదు. అందుకే ఆయనకు అల్లుడుగారనే పేరు స్థిరపడిపోయింది.

అల్లుడుగారు మొదట సవ్యంగానే అడిగాడు. "రోడ్డు తవ్వనివ్వరండీ. ఇళ్ళ గోడలకు మేకులు కొట్టి లాగుతాను. పదికాలాలు ఉంటుంది."

అక్కడ వచ్చింది తంటా. మేకు అనగానే అందరి ముఖాలూ మాడిపోయాయి. ట్యూషన్ మాస్టారు గోడకు అప్పుడే రంగు వేయించాడు. పక్కింటావిడ గోడకు నున్నటి పలకలు అతికించింది. "మా గోడ జోలికి రాకు నాయనా, ఎదుటి వరస ఉందిగా" అన్నారు ఈ వరసవాళ్ళు. ఎదుటి వరసవాళ్ళు ఇటు చెయ్యి చూపించారు. "కొట్టుకో" అన్నవాడు పెద్దాయన ఒక్కడే. ఆయన గోడకు పోవడానికి రంగంటూ ఉంటే కదా. కానీ ఒక్క గోడను పట్టుకుని తీగ ఎంత దూరం పోతుంది?

అల్లుడుగారు అటు చూశాడు, ఇటు చూశాడు, చివరికి కిందికి చూశాడు. కింద మురుగు కాలువ ఉంది. మూత లేకుండా, వీధి పొడవునా, ప్రతి గుమ్మం ముందు నుంచీ పోతుంది. తీగను అందులోకి జారవిడిచాడు.

ఒక్కరూ నోరెత్తలేదు. సాయంత్రానికి నెట్ వచ్చింది. ఎవరి ఫోన్లో వాళ్ళు మునిగిపోయారు.

కాలువ అంతవరకు చెత్తను మోసుకుపోయేది. ఇప్పుడు చెత్తకు పట్టుకుని వేళ్ళాడడానికి ఓ తాడు దొరికింది. తలవెంట్రుకల ఉండలు, పసిపిల్లల డైపర్లు, కుళ్ళిన పేలికలు, నూనె పట్టిన సంచులు, అన్నీ తీగను కావలించుకుని అక్కడే ఊరాయి. నీళ్ళు నల్లబడి, చిక్కబడి, బుడగలు తీశాయి. ఆ బుడగ పగిలినప్పుడు వచ్చే కంపు నాలుక మీద కూర్చునేది.

వీధికి పల్లం చివర పెద్దాయన ఇల్లు. ముందుగదే ఆయన పని. అప్పుడు చేతిలో ఉన్నవి కాన్పుల ఆస్పత్రి పరుపులు. ఏకిన దూది, కుట్టిన పరుపులు గది నిండా పేర్చి ఉన్నాయి. కాలువ పొంగిందా, మొదట తడిసేది అవే. దూదికి నీళ్ళు తగిలితే ఆరబెట్టుకోవచ్చు. ఆ నీళ్ళు తగిలితే పారేయడమే.

మురుగు తీసే మనిషి కొక్కెం కర్ర పట్టుకుని వచ్చాడు. పైన తేలే చెత్తను గోకి, వెళ్ళబోయాడు.

"ఏం తమ్ముడూ, అడుగున తీయవా?"

"తీస్తే తంతారు పెద్దాయనా. పోయినసారి కొక్కెం తగిలి తీగ తెగితే మాస్టారు నా కాలరు పట్టుకున్నాడు. పైపైన గోకి పొమ్మన్నారు. గోకుతున్నా. నాకేం, మా వీధిలో తీగ లేదు, కంపూ లేదు."

పెద్దాయన మాస్టారి గుమ్మం దాకా వెళ్ళాడు.

"ఈ నెల పిల్లలకు పరీక్షలండీ. నెట్ పోతే వాళ్ళ బతుకు ఏం కాను?" అన్నాడు మాస్టారు, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"గోడకు మేకులు కొట్టనివ్వండి మరి."

"అదేంటండీ, చదువుకోని మాట! రంగు పోదూ?"

చదువుకున్న మాట ఏదో పెద్దాయనకు అర్థమైంది. అల్లుడుగారికి ఫోన్ చేశాడు. ఆయన తేనె పూసినట్టు మాట్లాడాడు. "మీరేం కంగారు పడకండి. అది గట్టి తీగ. మురుగు ఎంత ఎక్కినా మీ నెట్‌కి ఢోకా లేదు."

పెద్దాయన ఫోన్ పెట్టేసి తుపుక్కున ఉమ్మాడు.

ఇక ఇంట్లో సంగతి. కూతురికి ఆ నెట్ మీదే ఉద్యోగం. లోపలి గదిలో చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఎక్కడెక్కడి వాళ్ళ ఫిర్యాదులూ వింటుంది, "మీ ఇబ్బందికి చింతిస్తున్నాం" అంటుంది. ఆమె కూడా అదే పాట. "తెంపావంటే నా ఉద్యోగం పోతుంది నాన్నా. ఊదొత్తి వెలిగించుకుని సర్దుకో."

తిలా పాపం తలా పిడికెడు. తన పిడికెడు తన ఇంట్లోనే ఉందని ఆయనకు ఒళ్ళు మండింది.

ఓ మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. మెరక మీది మురుగంతా దొర్లుకొచ్చి, తీగకు పట్టిన చెత్త దగ్గర ఆగి, దారి లేక పైకి లేచింది. మెరకవాళ్ళు తలుపులు మూసుకున్నారు. పెద్దాయన గడప మీదికి నల్లనీళ్ళు నాలుక చాపాయి. వెనకే ఓ డైపరు ఉబ్బిపోయి, చచ్చిన కప్పలా తేలుతూ వచ్చి పరుపుల వరసకు ఆనింది.

ఆయన కత్తి తీసుకుని కాలువలోకి దిగాడు. మోకాలి దాకా దిగబడింది. చేత్తో దేవి తీగ పట్టుకున్నాడు. జిగురు పట్టిన పాములా జారింది.

"నాన్నా, ఆగు!"

కూతురు గుమ్మంలో ఉంది. చెవులకు తగిలించుకున్నది మెడలోకి జారింది. ఆమె పాదాలు నల్లనీళ్ళలో ఉన్నాయి. వాటిని చూసుకుంది, పరుపులను చూసింది.

"తెంపకు. వదులుగానే ఉందిగా, ఎత్తుదాం."

"ఎత్తి ఎక్కడ పెడతావే?"

"గోడలున్నాయి కదా!"

ఆయన కూతురి ముఖంలోకి చూసి, కత్తి మొలలో దోపుకున్నాడు.

ఇద్దరూ ఎత్తారు. తొలి మేకు తమ గోడకే పడింది. తర్వాత గేటు వెంట గేటు, కిటికీ వెంట కిటికీ, దొరికిన ఊచకల్లా తగిలిస్తూ పోయారు. పేలికలతో, వెంట్రుకలతో, కారుతున్న బురదతో తీగ వీధి వెంట పైకి లేచింది. పలకల గోడ మీద నల్లచారలు దిగాయి. మాస్టారి రంగుగోడకు ఓ సంచి చప్పున అతుక్కుంది. వెనక కాలువ గుటగుటమని అంతా మింగి పల్లానికి పరుగెత్తింది.

తలుపులు తెరుచుకున్నాయి. "ఇదేం అఘాయిత్యమయ్యా!" "థూ, మా గోడ!" "బుద్ధుందా నీకు?"

"వద్దంటే పీకి పడేసుకోండి. తెంపితే తెగుతుంది" అన్నాడు పెద్దాయన.

ఒక్కడూ ముందుకు రాలేదు. దాన్ని ముట్టుకోవాలంటే అసహ్యం, తెంపాలంటే భయం. తీగ ఎక్కడిదక్కడే ఉంది, కారుతూ.

పెద్దాయన గదిలోకి వెళ్ళి పరుపులు ఒక్కొక్కటే నొక్కి చూశాడు. పైవాటికి ఏమీ కాలేదు. అడుగువరస తడిసింది. వాటిని వీధిలోకి ఈడ్చి, కుట్లు తెంపడం మొదలెట్టాడు. లోపలి దూది దాకా నలుపు ఎక్కింది.

మాస్టారు దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "అయ్యో, మొత్తం ఎందుకు విప్పుతారండీ? ఎండబెట్టి పైన కొత్త గుడ్డ తొడిగితే ఆస్పత్రివాళ్ళకు ఏం తెలుస్తుంది?"

పెద్దాయన తలెత్తి ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు. పెద్దగా అరవలేదు.

"మీ పిల్లకు నెలలు నిండాయన్నారు కదా మాస్టారూ. ఆ ఆస్పత్రే కదూ?"

మాస్టారు గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు.

కూతురు కాళ్ళు కడుక్కుని వచ్చి, తండ్రి పక్కన గొంతుక్కూర్చుని కుళ్ళుదూది గోనెలోకి కుక్కసాగింది. మెరక ఇంటి కిటికీలోంచి ఎవరిదో గొంతు సంతోషంగా వినిపించింది.

"ఒరేయ్, నెట్ ఉందిరా! ఏం కాలేదు!"